వైకల్య సేవలకు అర్హత: 40 శాతం మెలిక

దివ్యాంగుల హక్కుల చట్టం–2016 గుర్తించిన వైకల్యాలు 21. 1995 నాటి చట్టంలో ఇవి ఏడే. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం కొత్తగా చేరినవే.

జాబితాలో పేరుంటే సరిపోదు. రిజర్వేషన్‌కు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి. తెలుగు రాష్ట్రాల్లో జనం నోట నానే ‘సదరం’ సర్టిఫికెట్ ఇదే. ఈ రిజర్వేషన్ ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం. అభ్యర్థులు తారుమారు చేసేది ఈ రెండంకెలనే!

నేషనల్ ట్రస్ట్ చట్టం–1999 పరిధి చిన్నది: ఆటిజం, మస్తిష్క పక్షవాతం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు. 18 ఏళ్లు నిండినవారికీ సంరక్షకుణ్ని నియమించేది దీని స్థానిక స్థాయి కమిటీ. ఈ ట్రస్ట్ ‘నిరామయ’ ఆరోగ్య బీమా పరిమితి లక్ష రూపాయలు.