ఆకలిని దాచుకోవద్దు

మైపాడు ఒడ్డు. తెల్లవారక ముందే ఒక అక్క చేపల గంప ఎత్తుకుంటుంది. టీ నీళ్లు తాగి ఆటో ఎక్కుతుంది. నెల్లూరు వీధులన్నీ తిరుగుతుంది. పగలంతా పస్తే.

రాత్రి ఇంట్లో అందరికీ పెడుతుంది. తర్వాత ఒక్కతే కూర్చుంటుంది. గబగబా తింటుంది. కడుపు నిండినా చెయ్యి ఆగదు.

"నాకెందుకమ్మా ఈ తిండి యావ?" అని ఏడుస్తుంది. సిగ్గుపడి మర్నాడు మళ్లీ పస్తుంటుంది. రాత్రికి మళ్లీ అంతే.

అక్కా, ఇది యావ కాదు. పస్తున్న ఒళ్లు ఒక్కసారిగా తిండి అడుగుతుంది. మనసులో దిగులున్నా చెయ్యి గిన్నె మీదికే పోతుంది.

ఏం చేయాలి?

పొద్దున అంబలి తాగి బయలుదేరండి. సద్దన్నమైనా తినండి.

మధ్యాహ్నం వేళకు తినండి. సంచిలో వేయించిన శనక్కాయలు ఉంచుకోండి.

రాత్రి అందరితో కలిసి కూర్చోండి. మెల్లగా తినండి.

ఒక పూట ఎక్కువ తిన్నా మర్నాడు పస్తుండొద్దు.

అయినా ఆగకపోతే అది జబ్బు కావచ్చు. డాక్టరుకు చెప్పండి. 14416కు ఫోను చేయండి. డబ్బు అడగరు. తెలుగులో మాట్లాడతారు.

1992లో మన జిల్లా ఆడవాళ్లు కూడి మాట్లాడుకున్నారు. సారా మీద తిరగబడ్డారు. మరి మన తిండి గురించి నోరు విప్పమెందుకు?

ఆలోచించండి: మీ ఇంట్లో చివర తినేది ఎవరు? ఆమెకు మిగిలేది ఎంత?