మనసు మాట విననప్పుడు

ఏమ్మా, మొహం అలా వాడిపోయిందేం? డాక్టరుగారు ‘బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్’ అన్నారని రాత్రంతా ఫోన్లో వెతుకుతూ కూర్చున్నావు కదూ! ముందు అది పక్కన పెట్టి టీ తాగు.

వాట్సాప్‌లో నీలం టిక్కులు పడ్డాక కూడా జవాబు రాకపోతే ‘నన్ను వదిలేశారు’ అని గుండె జారిపోతుంది మనకి. పొద్దున ప్రాణమనుకున్న మనిషి సాయంత్రానికి పగవాడైపోతాడు. అరిచేస్తాం, తర్వాత మనల్ని మనమే తిట్టుకుంటాం, ఒక్కోసారి గాయపరచుకుంటాం కూడా. ఇంట్లోవాళ్లు ‘పొగరు, నాటకాలు’ అనేస్తారు. ఇది జబ్బమ్మా, దీనికి వైద్యం ఉంది.

అయితే బీపీ మాత్రలా రోజుకొకటి మింగితే తగ్గేది కాదు. ఈ జబ్బుకంటూ ప్రత్యేకంగా మందు లేదు. తోడుగా డిప్రెషన్ లాంటివి ఉంటే వాటికి మందులు రాస్తారు. అవి సొంతంగా మానేస్తే ఊరుకోను. అసలు వైద్యం సైకోథెరపీ. అందులో బాగా పేరున్నది డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, క్లుప్తంగా డీబీటీ. దాన్ని రూపొందించింది అమెరికాలో, సియాటిల్‌లో పనిచేసిన సైకాలజిస్టు మార్షా లినెహన్. పదిహేడేళ్లప్పుడు తానూ మానసిక ఆసుపత్రిలో నరకం చూశానని 2011లో ఆమె బయటపెట్టారు. పడ్డవాళ్లకే కదా తెలిసేది!

ఈ డీబీటీ మామూలుగా ఏడాది సాగుతుంది. వారానికోసారి థెరపిస్టుతో విడిగా మాట్లాడాలి, ఇంకోసారి గ్రూపు క్లాసు. నిజంగా క్లాసే, హోంవర్కు కూడా ఇస్తారు! రోజూ ఏ బాధ ఎంత వచ్చిందో, ఏం చేయాలనిపించిందో, ఏం చేశామో కార్డులో రాసుకోవాలి. కోపం తలకెక్కినప్పుడు గిన్నెడు చల్లటి నీళ్లలో ఊపిరి బిగబట్టి కాసేపు మొహం ముంచమంటారు. గుండె వేగం తగ్గుతుంది. గుండెజబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగందే చేయొద్దు. ఆ కాస్సేపట్లో పంపబోయిన మెసేజ్ ఆగిపోయిందా, ఆ రోజుకి గెలిచినట్టే!

డీబీటీ నేర్చినవాళ్లు మన ఊళ్లో లేరా? ఎర్రగడ్డలోనో విశాఖలోనో ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టుని అడుగు. మొదటి నెలలో ఏమీ మారలేదని మానేయకు. ఈ జబ్బున్నవాళ్లని ఏళ్లతరబడి గమనిస్తే చాలామందిలో లక్షణాలు తగ్గాయి తెలుసా!

అమ్మానాన్నలకో మాట: సలహాకి ముందు ‘నీకెంత కష్టంగా ఉందో’ అనండి.

ఇక నువ్వు, చచ్చిపోవాలనిపిస్తే ఒంటరిగా ఉండకు. టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు. ఇప్పుడే సేవ్ చేసుకో, నా ముందే.