షిట్జూనా, పొమేరేనియనా? కొనేముందు, తెచ్చాక

చిన్న కుక్కని తెచ్చుకుందామనుకునే మన ఇళ్లలో చర్చ తిరిగి తిరిగి ఈ రెండింటి దగ్గరే ఆగుతుంది. పిల్లలు ఫోన్లో షిట్జూ వీడియోలు చూపిస్తారు. పెద్దవాళ్లు తెల్ల పొమేరేనియన్ అయితే ఇంటికి కాపలా కూడా అంటారు. బొచ్చు చూసి తేల్చుకునే విషయం కాదిది. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకి మీ హాల్లో ఎంత ఉక్క ఉంటుంది, ఆ వేళకి ఇంట్లో ఎవరుంటారు? ఈ రెండింటికీ నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. చాలావరకు నోరు తెరిచి రొప్పితేనే ఒంటి వేడి బయటికి పోతుంది. షిట్జూది చప్పిడి ముక్కు, లోపల గాలి తిరిగే దారి ఇరుకు. ఎంత రొప్పినా చాలదు. పొమేరేనియన్‌దీ దట్టమైన బొచ్చే, అయినా మూతి ముందుకు సాగి ఉంటుంది కాబట్టి కొంత నయం. విజయవాడ, రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల పగలు ఏసీ వేయని ఇంట్లో షిట్జూ వద్దు. ఇందులో మొహమాటం లేదు. అపార్ట్‌మెంట్‌లో గోడ పక్కనే పసిపిల్లలో, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లో ఉంటే పొమేరేనియన్ గురించి రెండుసార్లు ఆలోచించండి. కాలింగ్ బెల్‌కీ, లిఫ్ట్ చప్పుడుకీ, కొరియర్ అబ్బాయికీ, అన్నిటికీ అది మొరుగుతుంది.

అన్నట్టు, మన దగ్గర పొమేరేనియన్ అని అమ్మేవాటిలో చాలా భాగం ఇండియన్ స్పిట్జ్‌లే. ‘హమ్ ఆప్కే హై కౌన్’ సినిమాలో టఫీ ఆ జాతే. అసలు పొమేరేనియన్ బరువు సుమారు మూడు కిలోల లోపే, స్పిట్జ్ అయిదు కిలోలు దాటుతుంది. స్పిట్జ్ కావడం లోపమేమీ కాదు. ఎముక గట్టిది, మన ఎండలకి అలవాటు పడింది. దానికి ‘ఒరిజినల్’ ధర చెల్లించడమే నష్టం.

కొనేటప్పుడు

పిల్లని తల్లి దగ్గరే చూడండి. తల్లిని చూపించని చోట కొనకండి. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, పెంపకందారుకి రిజిస్ట్రేషన్ ఉండాలి. కాగితం అడగండి.

షిట్జూ పిల్ల అయితే చేతుల్లోకి తీసుకుని ముక్కు రంధ్రాలు చూడండి. గుండ్రంగా తెరుచుకుని ఉండాలి. రెండు సన్న గీతలుగా మూసుకుపోయి, గాలి పీల్చినప్పుడల్లా ఇంకా లోపలికి లాక్కుపోతుంటే ఆ పిల్ల వద్దు. నేల మీద వదిలి ఒక్క నిమిషం ఆడించి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఊపిరిలో గురగుర వినిపిస్తే ‘ముద్దుగా గురక పెడుతోంది’ అని అమ్మేవాళ్లు నవ్వుతారు. అది ముద్దు కాదు, జబ్బు. పొమేరేనియన్ పిల్లని అయితే నడిపించి చూడండి. వెనక కాలు ఒకటి ఉన్నట్టుండి పైకెత్తి, రెండడుగులు కుంటి, మళ్లీ మామూలుగా నడుస్తోందంటే మోకాలి చిప్ప జారుతున్నట్టు అనుమానించాలి.

‘టీకప్’ అన్న మాట వినగానే లేచి వచ్చేయండి. అలాంటి జాతే లేదు. మరీ బక్కవాటిని ఏరి జత కట్టించి పుట్టించిన పిల్లలవి. ఒక్కపూట తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి సొమ్మసిల్లుతాయి.

ఇంటికి తెచ్చాక

వరుసగా వేయాల్సిన టీకాలు పూర్తయ్యేదాకా, అంటే దాదాపు నాలుగు నెలల వయసు దాకా, వీధిలో నేల మీద దింపకండి. అక్కడ సోకే పార్వో అనే వైరస్ జబ్బు ప్రాణం తీస్తుంది. రేబిస్ టీకా మూడు నెలలు నిండగానే వేయించి, బూస్టర్ల తేదీలు క్యాలెండర్ మీద రాసుకోండి.

షిట్జూ కళ్లు పైకి ఉబికి ఉంటాయి. మెడ తోలు పట్టుకుని ఎత్తకండి. ఆ లాగుడుకి కనుగుడ్డు బయటికి వచ్చే ప్రమాదం ఉంది. కన్ను ఎర్రబడినా, మూసుకునే ఉన్నా ఆ రోజే డాక్టరు చూడాలి. ఇంట్లో మిగిలిన చుక్కల మందు వేయకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే చిన్న పుండు కాస్తా గుడ్డును తినేస్తుంది.

పొమేరేనియన్‌కి మెడపట్టీ కాదు, ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ కావాలి. ఈ జాతికి గాలిగొట్టం బలహీనం. పట్టీ లాగితే బాతు అరిచినట్టు దగ్గుతుంది. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారకుండా మ్యాట్లు పరచండి. సోఫా మీంచి దూకినా, చేతుల్లోంచి జారినా ముందు కాలు విరగొచ్చు, అందుకే చిన్న పిల్లలు నేల మీద కూర్చునే ఎత్తుకోవాలి. స్కూటర్ ముందు నిలబెట్టి తీసుకెళ్లడం ఏ కుక్కకీ పనికిరాదు.

ఎండాకాలం అనగానే గుండు కొట్టించాలనిపిస్తుంది. షిట్జూ బొచ్చు పొట్టిగా కత్తిరించవచ్చు. పొమేరేనియన్‌కి మాత్రం చర్మం దాకా గొరిగించకండి. ఆ బొచ్చు మళ్లీ సరిగ్గా రాకపోవచ్చు, చర్మం ఎండకి మాడుతుంది. నడక తెల్లవారుజామునో, బాగా పొద్దుపోయాకో. తారు రోడ్డు మీద మీ అరచేతి వెనక భాగం అయిదు సెకన్లు ఆనించలేకపోతే కుక్కని దింపకండి.

రొప్పు ఆగకుండా, లాలాజలం జిగటగా కారుతూ, నాలుక ముదురు ఎరుపెక్కి తూలుతోందంటే వడదెబ్బే. నీడకి తెచ్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ ఫ్యాన్ పెట్టి, వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి. తడి తువ్వాలు చుట్టి వదిలేయకండి, వేడి లోపలే నిలిచిపోతుంది. నోట్లో బలవంతంగా నీళ్లు పోయకండి.

తిండి సంగతి. మన సాంబారు, కూరల్లోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలని చెడగొడతాయి. పాయసంలో కిస్‌మిస్ కిడ్నీలకి చేటు. చాక్లెట్, జైలిటాల్ కలిపిన షుగర్‌లెస్ చూయింగ్ గమ్, ఉడికించిన కోడి ఎముకలు ఏవీ వద్దు. మామిడి కాలంలో టెంకలు చెత్తబుట్టలో మూతపెట్టి ఉంచండి. మింగితే పేగులో అడ్డం పడి ఆపరేషన్ దాకా వస్తుంది. జ్వరమొచ్చిందని పారాసెటమాల్, నొప్పని డైక్లోఫెనాక్ మీ చేత్తో వేయకండి.

కరిచినా, గీరినా

మన కుక్కే కదా అని ఊరుకోకండి. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. పసుపు, సున్నం, కాఫీ పొడి, కారం ఏవీ గాయం మీద రాయకండి.

అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో, అందరూ పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ఇంట్లో ఈ రెండింటిలో ఏదీ ఇప్పుడు వద్దు, కొన్నాళ్లు ఆగండి. ఆగనక్కర్లేని వాళ్లు అడ్వాన్స్ ఇచ్చేముందు రాత్రి పది దాటాక కూడా తెరిచి ఉండే పశువైద్యశాల మీ ఇంటికి ఎంత దూరమో కనుక్కుని ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి. అరగంట దూరంలో అలాంటిది లేకపోతే షిట్జూ ఆలోచన మానుకుని స్పిట్జ్‌ని తెచ్చుకోండి.