గర్భిణికి స్కానింగు: ఎప్పుడు? ఎందుకు?

పాఠ్యాంశ పరిచయం

విజ్ఞానం మానవునికి అందించిన ప్రతి సాధనానికీ ప్రయోజనం ఉన్నట్లే పరిమితి కూడా ఉన్నది. గర్భిణులకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్ష అవసరాన్ని, హద్దులను, దానితో ముడిపడిన సామాజిక బాధ్యతను ఈ వ్యాసం వివరిస్తున్నది.

పాఠం

తల్లి గర్భంలో ఉన్న ప్రహ్లాదుడు నారదుని ఉపదేశం విన్నాడని భాగవతం చెబుతున్నది. అభిమన్యుడు పద్మవ్యూహ ప్రవేశాన్ని గర్భంలోనే గ్రహించాడని లోకంలో వాడుక. బయటి శబ్దం గర్భంలోనికి చేరుతుందని పూర్వులు ఊహించారు. లోనికి వెళ్ళిన శబ్దమే తిరిగి వచ్చి శిశువు రూపాన్ని చూపగలదని ఇరవయ్యవ శతాబ్దం నిరూపించింది.

మానవుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకే వినగలదు. స్కానింగు యంత్రం పంపే ధ్వనికి సెకనుకు లక్షల కొలది కంపనాలు ఉంటాయి. ఆ తరంగాలు శరీర భాగాలకు తగిలి ప్రతిధ్వనించగా యంత్రం వాటిని చిత్రంగా మారుస్తుంది. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. స్కాట్లాండులోని గ్లాస్గో నగర వైద్యుడు ఇయాన్ డొనాల్డ్, లోహపు పనిముట్లలో పగుళ్ళను కనిపెట్టే పారిశ్రామిక పరికరాన్ని చూసి, దానిని వైద్యానికి మలచవచ్చునని గుర్తించాడు. ఆయన తన సహచరులతో కలిసి రాసిన పరిశోధన వ్యాసం 1958లో 'లాన్సెట్' పత్రికలో వెలువడింది. కర్మాగారంలో పుట్టిన ఉపాయం ఆ విధంగా కాన్పుల ఆస్పత్రికి చేరింది.

నేడు ఆ యంత్రం పట్టణాలను దాటి పల్లెల ముంగిటికి వచ్చింది. హైదరాబాదు ఉత్తరపు అంచున, నాగపూరు దారిలో మేడ్చల్, కరీంనగర్ దారిలో శామీర్‌పేట ఉన్నాయి. ఒకప్పుడు వ్యవసాయమే ఆధారంగా బ్రతికిన ఈ ప్రాంతంలో నేడు టీకాలు తయారుచేసే జీనోమ్ వ్యాలీ ఉన్నది. వైద్య కళాశాల ఉన్నది. నెల తప్పిన కోడలిని పరీక్షకు తీసుకొని వెళ్ళే అత్తకు కాన్పు జరిగేలోగా ఎన్నిసార్లు స్కానింగు చేయించాలన్నది ప్రశ్నే. కూలి డబ్బులతో బ్రతికే కుటుంబానికి అది చిన్న ప్రశ్న కాదు.

స్కానింగు చెప్పగలిగిన విషయాలలో మొదటిది శిశువు వయస్సు. చివరి ముట్టు తేదీ చాలామందికి సరిగా గుర్తుండదు. మొదటి మూడు నెలలలో చేసిన పరీక్ష గర్భం వయస్సును ఇంచుమించు వారం రోజుల తేడాతో చెబుతుంది. చివరి నెలలలో ఆ తేడా మూడు వారాలకు మించవచ్చు. అందుచేత ఆలస్యంగా చేసిన పది పరీక్షలు సకాలంలో చేసిన ఒక్క పరీక్షకు సాటి రావు. వయస్సు తెలియనిదే, తక్కువ బరువుతో పుట్టిన శిశువు నెలలు నిండక పుట్టిందో, నిండినా ఎదగలేదో నిర్ణయించడం కష్టం.

ఈ విధమైన ప్రశ్నలకు మేడ్చల్ పల్లెలే ఒక పరిశోధనా క్షేత్రమైనాయి. ఘనపూర్‌లోని మెడిసిటీ సంస్థ, అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంతో కలిసి 'లైఫ్' అనే అధ్యయనం చేపట్టింది. 2009-11 సంవత్సరాల మధ్య ఈ గ్రామాలకు చెందిన 1,227 మంది స్త్రీలను గర్భధారణకు ముందుగానో, తొలి నెలలలోనో అందులో చేర్చుకున్నారు. కాన్పు తరువాత కూడా తల్లీబిడ్డల ఆరోగ్యాన్ని గమనించడం దాని ఉద్దేశం. గర్భిణి క్షేమాన్ని మొదటినుండి గమనించాలన్న సూత్రం అందులో కనిపిస్తున్నది.

కవలలు ఉన్నారా, గర్భం గర్భాశయం వెలుపల ఏర్పడిందా, మాయ ప్రసవమార్గానికి అడ్డుగా ఉన్నదా అన్న సంగతులను కూడా స్కానింగు తెలుపుతుంది. అయిదవ నెలలో చేసే 'టిఫా' పరీక్ష గుండె, వెన్నెముక మొదలైన అవయవాల లోపాలను చాలావరకు పసిగడుతుంది. అన్ని లోపాలూ అందులో కనిపిస్తాయనడం మాత్రం సరికాదు.

అయితే పరీక్షలు పెరిగిన కొలది మేలు పెరుగుతుందా? అమెరికాలో 15,151 మంది సాధారణ గర్భిణులపై జరిపిన 'రేడియస్' అధ్యయనం 1993లో వెలువడింది. అందరికీ క్రమం తప్పక స్కానింగు చేసినంత మాత్రాన శిశువుల క్షేమం మెరుగుపడలేదని అది తేల్చింది. పాకిస్తాన్, కెన్యా, జాంబియా, కాంగో, గ్వాటెమాలా దేశాల గ్రామీణ ప్రాంతాలలో జరిగిన మరొక అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. అక్కడ కూడా యంత్రం ప్రవేశించినంత మాత్రాన తల్లుల, శిశువుల మరణాలు తగ్గలేదు. దీనికి కారణం ఊహించవచ్చు. చిత్రం ప్రమాదాన్ని చూపుతుందే గాని తొలగించదు. రక్తహీనతకు మందు, రక్తపోటుకు చికిత్స, వేళకు వాహనం, ఆస్పత్రిలో నిపుణులు లేనిచోట చిత్రం వలన కలిగే మేలు స్వల్పం.

ఈ అనుభవాలన్నింటినీ పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఒక మధ్యమార్గాన్ని సూచించింది. ప్రతి గర్భిణికి 24 వారాల లోపు ఒక స్కానింగు చేయించాలి. అది జరిగిన సాధారణ గర్భిణికి చివరి నెలలలో అలవాటుగా మరొకటి అవసరం లేదు. రక్తస్రావం, అధిక రక్తపోటు, మధుమేహం, కవలలు, శిశువు ఎదుగుదలలో లోపం వంటివి ఉన్నప్పుడు మాత్రం వైద్యుని నిర్ణయాన్ని అనుసరించి మరిన్ని పరీక్షలు తప్పవు. అట్టి సందర్భంలో వద్దనుకోవడం ప్రాణాపాయానికి దారితీయవచ్చు.

అనవసరమైన పరీక్ష ధనాన్నే కాదు, మనశ్శాంతిని కూడా హరిస్తుంది. బొడ్డుతాడు మెడకు చుట్టుకొని ఉన్నదన్న ఒక్క మాటతో ఇల్లంతా తల్లడిల్లుతుంది. నిజానికి అనేక కాన్పులలో అట్లా ఉంటుంది. అత్యధిక సందర్భాలలో హాని ఉండదు. భయంతో తీసుకున్న నిర్ణయం శస్త్రచికిత్స వైపు నడిపించే అవకాశం ఉన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు శస్త్రచికిత్సతోనే జరిగాయి. దానికి కారణాలు అనేకం. అయినా నివేదికలోని ప్రతి మాటకు అర్థం అడిగి తెలుసుకోవడం కుటుంబానికి మేలు.

ఇక అడగకూడని ప్రశ్న ఒకటి ఉన్నది: "ఆడపిల్లా? మగపిల్లవాడా?" గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో చేసిన చట్టం 1996 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది, 2003లో మరింత కట్టుదిట్టమైంది. చెప్పడమూ నేరమే, చెప్పించుకోవడమూ నేరమే. స్త్రీని భర్త, బంధువులు బలవంతపెట్టినట్లే ఈ చట్టం మొదట భావిస్తుంది. ఆమె నిస్సహాయతను చట్టం ఎరుగును. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళ లోపు పిల్లలలో వెయ్యిమంది బాలురకు 2001లో 961 మంది బాలికలు ఉండగా 2011 నాటికి 939 మంది మాత్రమే మిగిలారు. ప్రాణం కాపాడటానికి పుట్టిన సాధనం దురాశాపరుల చేతిలో ప్రాణం తీసే ఆయుధమైనదనడానికి ఈ అంకెలు హెచ్చరిక.

స్కానింగు కోసం ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళే మార్గాలు కూడా విస్తరించాయి. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ ప్రతి నెల తొమ్మిదవ తేదీన గర్భిణులకు ఉచిత పరీక్షలను ఉద్దేశించింది. తెలంగాణ ప్రభుత్వం 2022లో 44 ఆస్పత్రులకు 56 టిఫా యంత్రాలను సమకూర్చింది.

కాబట్టి స్కానింగు అవసరమా అన్న ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు లేదు. ఏ సందేహం తీరడానికి ఈ పరీక్ష, దాని ఫలితాన్ని బట్టి చికిత్సలో ఏమి మారుతుంది అని వైద్యుని వినయంగా అడగడం ప్రతి గర్భిణి హక్కు. జవాబు ఉన్న పరీక్ష అవసరం. జవాబు లేనిది వ్యయం. నేటి విద్యార్థులే రేపటి తల్లిదండ్రులు. అక్కకో వదినకో తోడుగా ఆస్పత్రికి వెళ్ళిననాడు ఈ రెండు ప్రశ్నలు అడగగలిగితే, అడగకూడని మూడవ ప్రశ్నను నోటికి రానీయకుంటే ఈ చదువు సార్థకమవుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

కంపనం = అదురు
మితం = హద్దు
హరించు = తీసివేయు, పోగొట్టు
వ్యయం = ఖర్చు

ప్రశ్నలు

1. తొలి నెలలలో చేసే స్కానింగు ప్రయోజనాలను వివరించండి.
2. "చిత్రం ప్రమాదాన్ని చూపుతుందే గాని తొలగించదు" – సమర్థించండి.
3. లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఆవశ్యకతను తెలపండి.