తేనీటి అంగడివారి గణక యంత్రము

వర్తకమునకు మూలధనము ముఖ్యమని అందఱును చెప్పుదురు. సరకు, పనివారు, బేరము, నాణ్యము అనునవియు ముఖ్యములే. కాని వీని నన్నిటిని ఒక్క త్రాట గట్టి నడపునది మఱియొకటి కలదు. అది సమాచారము. ఏ సరకు ఎంత యున్నది? నేడు ఎంత అమ్ముడు పోయినది? ఎవరి నుండి ఎంత రావలెను? రేపటికి ఏమి కావలెను? ఈ ప్రశ్నలకు సరియైన జవాబు సకాలమున తెలిసికొన్న వర్తకుడు నిలుచును. తెలియనివాడు ఎంత శ్రమించినను నష్టపడును.

గ్రామమున చిన్న అంగడి నడపువానికి ఈ జవాబులు కష్టములు కావు. పప్పు డబ్బా తగ్గినచో కంటికే కనబడును. అప్పు తీసికొన్నవాడు రోజును ఎదురుపడుచునే యుండును. రాత్రి దీపము ముందు కూర్చుండి చిట్టా వ్రాసికొన్నచో లెక్క తేలును. కాని అంగళ్లు రెండు వందలై, పనివారు వేలకొలదిగా నున్నపుడు ఒక్కని కన్నులును, ఒక్కని జ్ఞాపకమును చాలవు. వార్త ఒకచోట పుట్టును; దానితో పనిగలవాడు వేఱొకచోట నుండును. ఆ వార్తను సేకరించి, లెక్కించి, కావలసినవానికి వేళకు అందజేయు ఏర్పాటునకే సమాచార వ్యవస్థ యని పేరు. అది ఎట్లు పుట్టి పెరిగినదో తెలిసికొనుటకు లండను నగరమునందలి యొక తేనీటి అంగళ్ల సంస్థ కథ మిక్కిలి తోడ్పడును.

జె. లయన్స్ అను ఆ సంస్థ 1894లో పికడిలీ వీధిలో తన మొదటి తేనీటి అంగడిని తెఱచెను. కాలక్రమమున అట్టి అంగళ్లు రెండు వందలకు మించెను. హామర్‌స్మిత్ ప్రాంతమున కాడ్బీ హాల్ అను పెద్ద ఆవరణమున ఆ సంస్థవారి వంటశాలలును, రొట్టెల బట్టీలును, కార్యాలయములును ఉండెను. అచ్చట తయారైన రొట్టెలు, కేకులు మొదలైన పదార్థములు బండ్లమీద అంగళ్లకు చేరుచుండెడివి. ఒక్కొక్క పలహారముపై మిగులు లాభము అత్యల్పము. ఎక్కువగా పంపినచో మిగిలిన రొట్టె మఱునాటికి పాసిపోవును. తక్కువగా పంపినచో వచ్చిన బేరము మరలిపోవును. అల్పమైన పొరపాటైనను రెండు వందల అంగళ్లలో జరిగినచో పెద్ద నష్టమగును. ఈ లెక్కలకై ఆ సంస్థ ఎందఱో గుమాస్తాలను పోషింపవలసి వచ్చెను. చేతితో వ్రాయు లెక్క ఎంత చక్కగా నున్నను ఆలస్యముగా తేలును. నష్టము జరిగిన కొన్ని వారములకు దాని కారణము తెలియుట చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట వంటిదే గదా!

ఈ చిక్కును తీర్చుటకు పూనుకొన్నవాడు జాన్ సిమ్మన్స్. ఈయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గణితము చదివి 1923లో లయన్స్ సంస్థలో చేరెను. ఈయన ప్రోత్సాహమున 1930 తరువాత అచ్చట ఒక పరిశోధన శాఖ ఏర్పడెను. ఇతర శాఖలలో పని ఎట్లు సాగుచున్నదో పరిశీలించి, అంతకంటె మేలైన పద్ధతిని సూచించుటయే దాని విధి. యంత్రము రాకముందే తమ పనిని తాము ఇట్లు ప్రశ్నించుకొనుట ఆ సంస్థవారి గొప్పతనము.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట, 1947లో, టామ్సన్, స్టాండింగ్‌ఫర్డ్ అను ఇద్దఱు అధికారులను సంస్థవారు అమెరికాకు పంపిరి. శాస్త్రజ్ఞులు గణితమునకై నిర్మించుచున్న ఎలక్ట్రానిక్ గణక యంత్రమును గుఱించి వారు అచ్చట వినిరి. అట్టి యంత్రమునే తమ దేశమున, కేంబ్రిడ్జిలో, మారిస్ విల్క్స్ అను ఆచార్యుడు కట్టుచున్నాడని ప్రిన్స్‌టన్‌లో తెలిసికొనిరి. శాస్త్రజ్ఞుల యంత్రముతో రొట్టెల లెక్క వేయరాదా యని వారికి తోచెను. లయన్స్ సంస్థ విల్క్స్ పనికి 3,000 పౌనులు ఇచ్చి, తన పనివానినొకనిని తోడుగా పంపెను. 1949 మే నెలలో ఆ యంత్రము పనిచేసెను. అట్టివాటిని వ్యాపారులకు అమ్మువారు నాడు లేనందున, లయన్స్‌వారు జాన్ పింకర్టన్ అను ఇంజనీరును నియమించి తమ యంత్రమును తామే కట్టుకొనిరి. దానికి 'లియో' యని పేరు పెట్టిరి.

లియో నేటి కంప్యూటరువలె బల్లమీద ఇముడునది కాదు. ఒక పెద్ద గది నిండ సుమారు 6,000 వాల్వులు! పాదరసము నింపిన గొట్టములు దానికి జ్ఞాపకశక్తి. 1951 నవంబరులో అది బట్టీలలో తయారైన సరకుల విలువను లెక్కించు పనిని ప్రతివారము చేయ మొదలిడెను. ప్రపంచమున కంప్యూటరు క్రమముగా నిర్వహించిన మొదటి వ్యాపార కార్యముగా దీనిని పేర్కొందురు.

తరువాత జీతముల లెక్క వచ్చెను. అనుభవముగల గుమాస్తాకు ఒక పనివాని జీతము లెక్కించుటకు ఎనిమిది నిమిషములు పట్టగా, లియో ఒకటిన్నర సెకనులో ఆ పనిని ముగించెడిది. అయినను సంస్థవారు తొందరపడలేదు. వాల్వులు తఱచుగా చెడుచుండెడివి. శుక్రవారము చేతికి రావలసిన కూలి యంత్రము చెడినదని ఆగినచో పనివాని యింట పొయ్యి ఎట్లు వెలుగును? అందుచేత లెక్కలను పలుమాఱులు సరిచూచి, నమ్మకము కుదిరిన పిమ్మటనే 1954లో ఈ పనిని యంత్రమునకు పూర్తిగా అప్పగించిరి. రెండవ యంత్రమును కూడ కట్టిరి. వేగముకంటె విశ్వాసము ముఖ్యమని వారు గుర్తించిరి.

అంగళ్లకు సరకు పంపు ఏర్పాటు మఱింత చక్కనిది. ఏ వారమున ఏ యంగడికి ఏమేమి కావలెనో తెలుపు స్థిరమైన పట్టిక ముందే యంత్రమునొద్ద ఉండును. ప్రతిదినము నియమిత కాలమున కాడ్బీ హాల్‌లోని స్త్రీలు ఒక్కొక్క అంగడి నిర్వాహకురాలితో టెలిఫోనులో మాటలాడుదురు. ఆమె పట్టిక యంతయు చదువ నక్కఱలేదు. "రేపు కేకులు ఒక డజను హెచ్చు, రొట్టెలు అరడజను తక్కువ" అన్నట్లు మార్పును మాత్రము చెప్పిన చాలును. వినుచున్నవారు ఆ మార్పును అట్టలపై రంధ్రములుగా పొడుతురు. యంత్రము ఆ యట్టలను గైకొని, పంపవలసిన సరకుల లెక్క తేల్చును. సమాచారము రాశిగా నుండుట గొప్ప కాదు. కావలసినంతయే, కావలసినవానికి, కావలసిన వేళ అందుట గొప్ప.

యంత్రము వచ్చినచో గుమాస్తాల గతి యేమగునను భయము అప్పుడును ఉండెను, ఇప్పుడును ఉన్నది. అది నిరాధారమని చెప్పరాదు. అంకెలను ఎత్తి వ్రాయు పనులు అనేకములు తగ్గిపోయినవి. అయితే క్రొత్త పనులును పుట్టినవి. 1952లో ఆ సంస్థలో ఐస్‌క్రీము విభాగమున చేరిన మేరీ కూంబ్స్ అను యువతి పరీక్షలో నెగ్గి, లియో నడువవలసిన క్రమమును వ్రాయు నేర్పరియైనది. క్రొత్త విద్య నేర్చువారికి క్రొత్త త్రోవ దొరకును. నేర్పు బాధ్యత పెద్దలది.

మన దేశమున ఈ వ్యవస్థ మేలు రైలు ప్రయాణికులకు బాగుగా తెలియును. పూర్వము రిజర్వేషను లెక్కలు పుస్తకములలో చేతితో వ్రాసెడివారు. 1985లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలయ్యెను. తరువాత సికిందరాబాదుతో కూడ ఐదు కేంద్రములు 1999 నాటికి ఒకదానితో నొకటి కలుపబడినవి. ఒక్క ఆసనమును ఇద్దఱికి అమ్మకుండుటకును, ఒక ఊరనుండి వేఱొక ఊరి ప్రయాణమునకు టిక్కెట్టు పుచ్చుకొనుటకును ఆ కలయికయే ఆధారము.

లియో 1965లో విశ్రాంతి నొందెను. లయన్స్ సంస్థయు 1978లో ఇతరుల చేతికి పోయెను. అంత మంచి లెక్కలుగల సంస్థ యేల నిలువలేదని మీరడుగవచ్చును. లెక్క ఉన్న స్థితిని తెలుపును. ఏమి చేయవలెనో నిర్ణయించు భారము మనుష్యులదే. దీపము దారి చూపును గాని నడువదు. తప్పు అంకె నిచ్చినచో ఎంతటి యంత్రమైనను తప్పు ఫలమునే ఇచ్చును. కావున బాలబాలికలారా! ఏ పనియందైనను మొదట సరియైన ప్రశ్న వేయుడు. నిజమైన అంకె వ్రాయుడు. తెలిసిన దానిని వేళకు తెలుపుడు. ఈ మూడు గుణములును లేనిచోట ఎంత గొప్ప యంత్రమున్నను ప్రయోజనము లేదు.

ప్రశ్నలు

1. సమాచార వ్యవస్థ యనగా నేమి? చిన్న అంగడికి దాని అవసరము అంతగా ఏల కలుగదు?
2. జీతముల లెక్కను లియోకు అప్పగించుటలో సంస్థవారు ఎట్టి జాగ్రత్త వహించిరి? ఎందులకు?
3. అంగడి నిర్వాహకురాలు మార్పులను మాత్రమే తెలుపుట వలన కలిగిన మేలేమి?
4. "దీపము దారి చూపును గాని నడువదు." ఈ వాక్యమును సందర్భముతో వివరింపుడు.