హ్యూమిక్ సీసా కొనే ముందు: మీ కార్డు చూడండి, మీ గడ్డి చూడండి

నిజామాబాద్, బోధన్ ప్రాంత రైతుల కోసం – సాయిల్ హెల్త్ కార్డు సమాచారం



బోధన్ చుట్టుపక్కల ఒకప్పుడు ఎటు చూసినా చెరకే. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక చెరకు తగ్గి వరి పెరిగింది. హార్వెస్టర్ కోసిన తర్వాత పొలంలో మిగిలిన గడ్డికి చాలామంది నిప్పు పెడుతున్నరు. తర్వాత నేలకు బలం రావాలని దుకాణంలో హ్యూమిక్ యాసిడ్ కొంటున్నరు. ఆ హ్యూమిక్ పదార్థం గడ్డి, చెత్త, పెంట మాగినప్పుడు నేలలోనే తయారవుతుంది.

హ్యూమస్ ఏం చేస్తుంది?

మాగిన సేంద్రియ పదార్థంలో మిగిలే నల్లటి భాగమే హ్యూమస్. వేసిన యూరియా, పొటాష్ నీళ్లతో కొట్టుకుపోకుండా కొంత పట్టి ఉంచుతుంది. రేగడి నేలను గుల్ల చేస్తుంది. చెల్కలో తేమ నిలుపుతుంది. అయితే ఇది ఎరువుకు బదులు కాదు, వేసిన ఎరువు పంటకు అందేలా చేస్తుంది.

కార్డులో ఏ అంకె చూడాలి?

సాయిల్ హెల్త్ కార్డు పథకం 2015 ఫిబ్రవరి 19న మొదలైంది. కార్డులో 12 అంశాలు ఉంటయి. వాటిలో ‘సేంద్రియ కర్బనం’ అనే వరుస చూడండి.

• 0.50 శాతం కంటే తక్కువ – తక్కువ
• 0.50 నుంచి 0.75 – మధ్యస్థం
• 0.75 కంటే ఎక్కువ – ఎక్కువ

లెక్క వేసి చూద్దాం

12 శాతం అని రాసి ఉన్న లీటరు సీసాలో హ్యూమిక్ పదార్థం సుమారు 120 గ్రాములు. టన్ను వరిగడ్డిలో కర్బనం సుమారు 400 కిలోలు. మాగేటప్పుడు అందులో ఎక్కువ భాగం గాలిలో కలుస్తుంది, కొంతే హ్యూమస్‌గా మిగులుతుంది. అయినా సీసాలో ఉన్నదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. టన్ను గడ్డి కాలిస్తే సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ నష్టమని వ్యవసాయ శాఖలు చెప్పే లెక్క.

ఏం చేయాలి?

1. వరి కొయ్యలు: కాల్చకుండా కలియదున్నండి. ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి నీళ్లు పెడితే త్వరగా కుళ్లుతుంది. దున్నిన వెంటనే నాట్లు వేయొద్దు. గడ్డి కుళ్లేటప్పుడు నత్రజనిని సూక్ష్మజీవులు లాక్కుంటయి, నారు పచ్చబడుతుంది. రెండు, మూడు వారాలు ఆగండి.

2. చెరకు చెత్త: నాటిన మూడో రోజున ఎకరాకు 1.25 టన్నుల చెత్తను సాళ్ల మధ్య కప్పండి. తేమ నిలుస్తుంది, కలుపు, పీక పురుగు తగ్గుతయి.

3. కుప్ప కంపోస్టు: చెత్తను జానెడు మందం పొరలుగా వేసి, ప్రతి పొర మీద పేడ నీళ్లు గానీ వేస్ట్ డీకంపోజర్ ద్రావణం గానీ చల్లండి. పిడికిట్లో పిండితే చేయి తడవాలి, నీళ్లు కారొద్దు. వారానికోసారి తిరగేయండి. నల్లగా, పొడిపొడిగా, వేడి లేకుండా, మట్టి వాసన వస్తే తయారైనట్టే. చెరకు చెత్తకు గడ్డి కంటే ఎక్కువ రోజులు పడుతుంది.

ఒక్క పంటతో కర్బనం అంకె మారదు. రెండు మూడేళ్లు వరుసగా చేసి మళ్లీ పరీక్ష చేయించండి.

హ్యూమిక్ కొనాల్సి వస్తే?

2021 నుంచి హ్యూమిక్ ఉత్పత్తులు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. లైసెన్సు ఉన్న దుకాణంలోనే కొనండి. లేబుల్‌పై శాతం, తయారీ తేదీ చూసి బిల్లు తప్పకుండా తీసుకోండి. ‘ఇది పోస్తే ఎరువు అక్కర్లేదు’ అని చెబితే నమ్మొద్దు.

కార్డు లేకుంటే?

పంట కోసినంక, తర్వాతి పంటకు ఎరువు వేయకముందే మట్టి తీయాలి. పొలంలో 8–10 చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంత తీసి, అంచు మట్టిని కలిపి అర కిలో ఉంచండి. గట్ల దగ్గర, చెట్ల కింద, పెంటకుప్ప పక్కన తీయొద్దు. మీ రైతు వేదికలో ఏఈఓను కలవండి. సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 (ఉచితం).

ఈ సమాచారాన్ని మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పంపండి. పక్క పొలం రైతు అగ్గిపెట్టె తీయకముందే చేరితే మేలు.