మూలధన వ్యయము: పరీక్షార్థులకు

మన బద్వేలు ప్రాంతమున వడ్డిని నెలకు నూటికింత యని చెప్పుకొనుట వాడుక. రెండు రూపాయల వడ్డి యన్నచో ఏటికి నూటికి 24. దానిని చెల్లింపక నెలనెలా అసలులో కలుపుచు పోయినచో ఏడాది చివరకు 26 రూపాయల 82 పైసలగును. వడ్డి మాటలను చిన్ననాటినుండి వినుచు పెరిగిన మన పిల్లలు, పైచదువులలో మూలధన వ్యయమను ప్రశ్నకడ మార్కులు పోగొట్టుకొనుట మాకు వింతగా నుండును. సూత్రములు రాక కాదు. సొంత సొమ్మునకు వెల లేదను నమ్మకము వారిని విడువదు.

పొరుగుననున్న పోరుమామిళ్ల చెరువును తలచుకొందము. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు దానిని కట్టించినపుడు దినమునకు వేయిమంది కూలీలును, నూరు బండ్లును రెండేండ్లు పనిచేసినట్లు 1369 నాటి శాసనము చెప్పుచున్నది. ఆ రెండేండ్లును సొమ్ము దిగుచుండెనేగాని పంట రాలేదు. అప్పు చేయకున్నను, ఆ ధనము మరియొకచోట ఈయగల ఫలమును వదులుకొనవలసినదే. అట్లు వదులుకొన్న ఫలమే సొంత సొమ్మునకు వెల.

ఇపుడొక నూనెమిల్లు కంపెనీని ఊహింతము. వాటాలు 10,000. పుస్తకములలో వాటాధనము 6 లక్షలు. బజారులో వాటా ధర 120 రూపాయలు గనుక నిజమైన విలువ 12 లక్షలు. అప్పు 4 లక్షలు, వడ్డి నూటికి 12, ఆదాయపు పన్ను నూటికి 25 అనుకొందము.

వడ్డిని ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకొందురు గనుక అప్పు వెల 12 కాదు, 9. వాటాదారులకు ఇప్పుడే ఇచ్చిన డివిడెండు 12 రూపాయలు, అది ఏటేట నూటికి 5 పెరుగును. ఇచ్చట తొందరపడువారు 12ను 120చే భాగించి, 5 కలిపి, 15 అని వ్రాయుదురు. భాగింపవలసినది రానున్న డివిడెండు, అనగా 12.60. కావున వాటాధనపు వెల 15.5. విలియం షార్ప్ 1964లో ప్రకటించిన పద్ధతిని అడిగినచో, అపాయము లేని రాబడి 6.5, బజారు రాబడి 12.5, బీటా 1.5 అయినపుడును 15.5 వచ్చును, బీటాతో గుణింపవలసినది 12.5ను కాదు, రెంటి భేదమైన 6ను. ఈ యొక్క తప్పిదమును మేము దిద్దినన్ని మారులు మరి దేనిని దిద్దలేదు.

బజారు విలువ ప్రకారము వాటాధనము ముప్పాతిక, అప్పు పాతిక. 11.625, 2.25 కలిపిన 13.875. పుస్తకపు విలువలతో చేసిన 12.9 మాత్రమే వచ్చును. క్రొత్త గానుగ యంత్రము నూటికి 13.5 తెచ్చుననిన, పుస్తకపు లెక్క కొనుమనును, బజారు లెక్క వలదనును. ప్రశ్న రెండు విలువలను ఇచ్చి ఊరకున్నపుడు బజారు విలువనే తీసికొని, ఏల తీసికొంటిరో ఒక పంక్తి వ్రాయుడు. అప్పు వెల 9 గదా, 13.5 తెచ్చు యంత్రమును ఏల వదలవలెనని కొందరు అడుగుదురు. అప్పు పుట్టుటకు వెనుక వాటాదారుల సొమ్ము నిలిచియున్నందుననే అది అంత చౌకగా పుట్టినదని వారు మరతురు.

విద్యార్థులారా, ఇదే లెక్కను కంపెనీకి పన్ను కట్టదగిన లాభమే లేని కరవు సంవత్సరమునకు మార్చి, తక్కినవన్నియు అట్లే యుంచి, పలకమీద చేసి చూడుడు. 14.625 రావలెను.